పరుగు వాచీ కొనబోతున్న పిల్లలకు

పిల్లలూ,

మన ఇంటి గ్రూపులో కొన్నాళ్లుగా నడుస్తున్న వాచీల రగడ అంతా చదివాను. ఒకరు రెండు వేల వాచీ లింకు పెడితే ఇంకొకరు యాభై వేల దాన్ని పెట్టి "కొంటే ఇదే కొంటా" అంటారు, మధ్యలో మీ బాబాయి వచ్చి "పరిగెత్తడానికి కాళ్లు చాలవా" అని ఓ మాట విసిరి మాయమైపోతాడు. ముక్కలు ముక్కలుగా మెసేజీలు పెట్టడం నాకు చేతకాదు, అందుకని అందరికీ కలిపి ఈ ఉత్తరం.

బద్ధకమున్నవాళ్లు ఈ ఒక్క పేరా చదివి లేచిపోవచ్చు. పరుగు వాచీలో డబ్బు పెట్టాల్సింది మూడింటికి: దూరాన్ని సరిగ్గా పట్టుకునే జీపీఎస్‌కి, చెమట చేత్తో కూడా నొక్కగలిగే బటన్లకి, మీ అతి పొడవైన పరుగు అయ్యేదాకా నిలిచే బ్యాటరీకి. ఫిట్‌నెస్ స్కోరు, రికవరీ గంటలు, నిద్ర మార్కులు, ఇవన్నీ ఆ కొలతల మీద కట్టిన అంచనాలు. ఉంటే ఉండనీయండి, వాటికోసం ఎక్కువ డబ్బు మాత్రం పోయొద్దు.

ముందు డబ్బా మీది రాతల సంగతి. రెండు మూడు వేలకి దొరికే వాచీల మీద కూడా "జీపీఎస్" అని పెద్దక్షరాలతో ఉంటుంది. కింద చిన్న అక్షరాలు చదవండి. "కనెక్టెడ్ జీపీఎస్" అని ఉంటే ఆ వాచీలో జీపీఎస్ చిప్ లేనట్టే, మీ జేబులో ఉన్న ఫోన్‌ని అడిగి ఆ లెక్కనే తన తెర మీద వేస్తుంది. ఫోన్ ఇంట్లో వదిలి వెళ్తే చేతి ఊపుని బట్టి అడుగులు లెక్కపెట్టి, ఒక్కో అడుగు ఇంత ఉంటుందిలే అని ఊహించి దూరం చెప్తుంది. "బిల్ట్-ఇన్ జీపీఎస్" అని ఉంటేనే చిప్ లోపల ఉన్నట్టు. షాపులో అడిగితే "అన్నీ ఒకటే మేడమ్" అంటారు. ఒకటి కాదు. తేల్చుకోవడం సులువే, ఫోన్ బ్లూటూత్ ఆపేసి వాచీలో రన్ మొదలుపెట్టి వీధి చుట్టూ ఓ రౌండు వేసి రండి, తర్వాత యాప్‌లో మ్యాప్ మీద గీత పడిందంటే చిప్ ఉంది, ఉత్త అంకె మాత్రమే వచ్చిందంటే లేదు. రిటర్న్ గడువు లోపలే ఈ పని చేయండి.

ఇప్పుడు ఆ చిప్ ఏం చేస్తుందో కాస్త చెప్తాను, ఇది అర్థమైతే మిగతా సగం గొడవలు వాటంతటవే పోతాయి. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున, దాదాపు పన్నెండు గంటలకో చుట్టు చొప్పున భూమి చుట్టూ తిరుగుతుంటాయి. ఒక్కోదాంట్లో అణు గడియారాలుంటాయి. "ఇప్పుడు టైమ్ ఇంత, నేను ఫలానా చోట ఉన్నాను" అని రేడియోలో చెప్పుకుంటూ పోవడమే వాటి పని, అవి మిమ్మల్ని చూడవు, మీరెవరో వాటికి తెలీదు. మెరుపు కనబడ్డాక ఉరుము వినబడేదాకా సెకన్లు లెక్కపెట్టి పిడుగు ఎంత దూరంలో పడిందో చెప్పుకుంటాం చూడండి, వాచీ చేసేదీ అలాంటిదే, సిగ్నల్ ఎంత ఆలస్యంగా అందిందో చూసి దాన్ని దూరంగా మారుస్తుంది. మూడు ఉపగ్రహాల నుంచి దూరాలు తెలిస్తే మీరున్న చోటు తేలిపోవాలి నిజానికి. కానీ మీ చేతికున్నది మామూలు క్వార్ట్జ్ గడియారం, అది సెకనులో పది లక్షల వంతు తప్పినా చాలు, ఆ కాస్త సేపట్లో రేడియో తరంగం 300 మీటర్లు వెళ్లిపోతుంది. ఆ తప్పు ఎంతో పట్టుకోవడానికి నాలుగో ఉపగ్రహం కావాలి. నాలుగు లేనిదే పని జరగదు, ఎన్ని ఎక్కువ దొరికితే అంత మంచిది. అందుకే వాచీలు అమెరికా జీపీఎస్‌తో ఆగకుండా రష్యా గ్లోనాస్, యూరప్ గెలీలియో, చైనా బైడూ సిగ్నళ్లు కూడా అందుకుంటాయి. మన నావిక్ కూడా ఉంది, దాని మొదటి ఉపగ్రహం 2013లో మన శ్రీహరికోట నుంచే వెళ్లింది. మొదట్లో అది ఎల్5, ఎస్ అనే రేడియో బ్యాండ్లలో మాత్రమే సిగ్నల్ ఇచ్చేది, చిన్న పరికరాలు ఎక్కువగా వినేది ఎల్1ని. 2023 మే 29న వెళ్లిన ఎన్‌వీఎస్-01తో ఎల్1 కూడా చేరింది. వాచీ మీద నావిక్ అని ఉంటే సంతోషం, లేదని మంచి వాచీని వదులుకోవద్దు.

విశాఖలో ఆర్కే బీచ్ రోడ్డు మీద, ఒక పక్కంతా సముద్రమే కాబట్టి, ఏ వాచీ అయినా బుద్ధిగా ఉంటుంది. అదే హైదరాబాద్‌లో అమీర్‌పేట మెట్రో వంతెన కింద పరిగెత్తి, తర్వాత మ్యాప్ తెరిచి దగ్గరికి లాగి చూడండి. గీత ఓ బట్టల షాపులోంచి దూరి, రోడ్డు దాటి, ఎదురు మేడ మూడో గదిలోంచి బయటికొస్తుంది. సిగ్నల్ నేరుగా రాకుండా గోడలకీ అద్దాలకీ తగిలి వంకర దారిలో రావడం వల్ల ఆలస్యమవుతుంది, ఆలస్యమంటే వాచీ లెక్కలో దూరమే కదా, అంత మేరా మిమ్మల్ని పక్కకి జరిపేస్తుంది. దీనికి మందుగా వచ్చిందే డ్యుయల్ బ్యాండ్, మల్టీ బ్యాండ్ అనేవి. మామూలు వాచీ 1575.42 మెగాహెర్ట్జ్ దగ్గరున్న ఎల్1ని ఒక్కదాన్నే వింటుంది, ఈ వాచీలు 1176.45 దగ్గరున్న ఎల్5ని కూడా వింటాయి. ఎల్5 సిగ్నల్ నిర్మాణం ఎలాంటిదంటే, నేరుగా వచ్చిందేదో, గోడకి తగిలి వచ్చిందేదో విడదీయడం తేలిక. కాబట్టి మేడల మధ్య, ఫ్లైఓవర్ల పక్కన, కేబీఆర్ పార్కులాంటి చెట్ల గుబురుల్లో పరిగెత్తేవాళ్లు దీనికి కాస్త ఎక్కువ పెట్టినా తప్పు లేదు. ఊళ్లో పొలం గట్ల పక్క రోడ్డు మీద పరిగెత్తేవాడికి దండగ.

ఇంకోటి, వాచీ ఎంత మంచిదైనా మీరు తొందరపడితే చెడుతుంది. గేటు దాటుతూనే బటన్ నొక్కి ఉరకొద్దు, సిగ్నల్ దొరికిందని పచ్చగా చూపించేదాకా ఆగండి. ఉపగ్రహం తన కక్ష్య వివరాలు పూర్తిగా చెప్పడానికే ముప్పై సెకన్లు పడుతుంది. రాత్రి ఫోన్‌తో సింక్ చేసుంటే ఆ వివరాలు ముందే వాచీలోకి వచ్చేస్తాయి, అప్పుడు చాలాసార్లు కొద్ది సెకన్లలోనే దొరుకుతుంది. సెట్టింగుల్లోకెళ్లి రికార్డింగ్ "ప్రతి సెకనుకీ" అని పెట్టుకోండి. బ్యాటరీ ఆదా మోడ్‌లో చుక్కలు దూరం దూరంగా పడి, మలుపుల దగ్గర గీత అడ్డంగా కోసుకుపోతుంది, మీరు తిరిగిన పార్కు చుట్టు కురచైపోతుంది.

ఏ మారథాన్ అయ్యాకైనా ఒక గొడవ తప్పదు: "నా వాచీలో 42.7 వచ్చింది, వాళ్లు తప్పు కొలిచారు." వాళ్లు తప్పు కొలవలేదు. మారథాన్ 42.195 కిలోమీటర్లు, సర్టిఫై చేసే దారిని సైకిల్ చక్రానికి జోన్స్ కౌంటర్ అనే చిన్న పరికరం బిగించి, మలుపుల్లో అంచు నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో, రన్నర్ వెళ్లగలిగే అతి దగ్గరి దారిలో కొలుస్తారు. పైగా ఎక్కడా తగ్గకూడదని వెయ్యికి ఒకటి చొప్పున, అంటే 42 మీటర్లు, కలుపుతారు కూడా. మనమేమో నీళ్ల టేబుల్ దగ్గరికని ఓ పక్కకీ, ఎదురుగా నెమ్మదిగా వెళ్తున్నాయన్ని దాటడానికని ఇంకో పక్కకీ పోతూ పరిగెత్తుతాం, దానికి వాచీ వణుకుడు తోడవుతుంది. కాబట్టి రేసులో పేస్ లెక్క, అంటే కిలోమీటరుకి ఎన్ని నిమిషాలో, వాచీని నమ్మి వేసుకుంటే చివర్లో టైమ్ చాలదు. కిలోమీటరు బోర్డు దాటినప్పుడల్లా ల్యాప్ బటన్ మీరే నొక్కండి. మామూలు రోజుల్లో కూడా ఆ క్షణం పేస్‌ని చూడకండి, అది ఐదున్నరకీ ఆరున్నరకీ మధ్య పిచ్చిగా గెంతుతుంది. తెర మీద ల్యాప్ పేస్, అంటే ఆ కిలోమీటరు మొదలైనప్పట్నుంచీ సగటు, పెట్టుకోండి.

గ్రౌండులో ట్రాక్ మీద పరిగెత్తేవాళ్లకి అసలు ఈ బాధే లేదు. మొదటి లేన్ ఒక చుట్టు 400 మీటర్లు, ఎనిమిదో లేన్ అయితే 453. చుట్టులు లెక్కపెట్టుకుంటే ఏ ఉపగ్రహమూ అక్కర్లేదు. తొమ్మిదో తరగతి వాడికి నేను చెప్పేది అదే, ఇప్పుడే వాచీ వద్దు నాన్నా, మంచి బూట్లు కొనుక్కో, టైమ్‌కి మామూలు డిజిటల్ వాచీలో స్టాప్‌వాచ్ చాలు.

బటన్ల గురించి ఎవరూ మాట్లాడరు, అమ్మేవాళ్లు మరీనూ. తెర టచ్ మీదే నడిచే వాచీ షోరూమ్ ఏసీలో ముద్దొస్తుంది. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ రోజు వాన పడితే తెలుస్తుంది దాని సంగతి, చినుకే వేలనుకుని పరుగు తనంతట తనే పాజ్ అయిపోతుంది. స్టార్ట్‌కీ ల్యాప్‌కీ విడిగా బటన్లుండాలి. తెరలో కూడా రెండు రకాలు. అమోలెడ్ చీకట్లో, తెల్లవారుజామున బ్రహ్మాండంగా కనిపిస్తుంది, బ్యాటరీ తింటుంది. మిప్ అనే రెండో రకం ఇంట్లో చూస్తే వెలిసిపోయినట్టుంటుంది గానీ ఎండ పడేకొద్దీ స్పష్టంగా కనిపిస్తుంది, ఛార్జింగ్ ఎక్కువ రోజులొస్తుంది. నాకు మిప్పే ఇష్టం, మీకు అమోలెడ్ నచ్చుతుందని నాకు తెలుసు, దాని మీద పోట్లాడను.

కొండలెక్కేవాళ్లు, అలిపిరి మెట్లు పరుగున ఎక్కుతానని శపథం చేసినవాళ్లు బారోమీటర్ ఉందో లేదో చూసుకోండి. సిగ్నల్ అందే ఉపగ్రహాలన్నీ మన నెత్తి మీదే ఉంటాయి, భూమికి అవతల, కాళ్ల కింద ఉన్నవాటి సిగ్నల్ అందదు, అందుకే జీపీఎస్ ఎత్తు చెప్పడంలో బలహీనం. బారోమీటరు గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు చెప్తుంది. దాని చిన్న కన్నంలో చెమట ఉప్పు పేరుకుంటే పిచ్చి అంకెలు చూపిస్తుంది, వారానికోసారి మంచినీళ్లతో కడగండి, పిన్నులు పెట్టి పొడవొద్దు.

గుండె వేగం సంగతి. వాచీ వెనక పచ్చ లైట్లు చర్మం మీద వెలుగు వేసి, రక్తం పొంగినప్పుడల్లా తిరిగొచ్చే వెలుగు ఎంత తగ్గిందో చూస్తాయి. నింపాదిగా పరిగెత్తేటప్పుడు బాగానే చెప్తుంది. స్ప్రింట్లు కొడితే వెనకబడిపోతుంది, ఒక్కోసారి గుండెని వదిలేసి మీ అడుగుల తాళాన్ని పట్టుకుంటుంది. మెల్లగా పరిగెత్తుతున్నా నూట డెబ్భై చూపిస్తుందా, నిమిషానికి మీ అడుగులు కూడా నూట డెబ్భైయేనా? అయితే టెన్షన్ పడి ఆస్పత్రికి పరిగెత్తే ముందు పట్టీ సరిచేసుకోండి. మణికట్టు ఎముక మీద కాదు, దానికి ఒక వేలెడు పైకి, జారకుండా, అలాగని నొక్కుకుపోకుండా. కచ్చితంగా కావాలంటే ఛాతీకి కట్టే పట్టీ కొనుక్కోండి, అది గుండె విద్యుత్తునే నేరుగా పట్టుకుంటుంది. కళ్లు తిరిగితే, ఛాతీలో నొప్పొస్తే మాత్రం వాచీ ఏం చెప్పినా వినక్కర్లేదు, ఆగిపోవాలి, డాక్టర్‌కి చూపించుకోవాలి.

ఏప్రిల్, మే నెలల్లో మన కోస్తా ఉక్కపోతలో అదే పేస్‌కి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది, ఒంటిని చల్లబరచడానికి చర్మానికి కూడా రక్తం పంపాలి కదా. వాచీ మాత్రం మీ ఫిట్‌నెస్ పడిపోతోందని, ట్రైనింగ్ దండగవుతోందని తెర మీద వేస్తుంది. దాన్ని చూసి పంతంతో ఇంకా గట్టిగా పరిగెత్తే పిల్లలున్నారు, ఎవరో పేరు చెప్పను.

పేర్లు చెప్పమన్నారు కాబట్టి చెప్తున్నా. గార్మిన్ ఫోర్‌రన్నర్ 55 పాతదే, బారోమీటర్ లేదు, అమోలెడ్ లేదు, కానీ అయిదు బటన్లు, జీపీఎస్‌తో ఇరవై గంటలు, మొదటి వాచీకి ఇంతకన్నా ఏం కావాలి. కోరోస్ పేస్ 3లో డ్యుయల్ బ్యాండూ ఉంది, బారోమీటరూ ఉంది, నైలాన్ పట్టీతో 30 గ్రాములే. హైదరాబాద్ మేడల మధ్య పరిగెత్తే మీ అక్కకి నేను అదే చెప్పాను. అమోలెడ్ తెర కావాల్సిందేనంటే ఫోర్‌రన్నర్ 165, కాకపోతే అందులో మల్టీ బ్యాండ్ లేదు, దానికి 265 దాకా వెళ్లాలి. ధరలు పండగ సేల్‌కి మారిపోతాయి, నేను అంకెలు రాయను. సెకండ్ హ్యాండ్‌లో కొంటే జీపీఎస్ ఆన్ చేసి గంటసేపు బయట పెట్టి, బ్యాటరీ ఎంత దిగిందో చూసి అప్పుడు డబ్బివ్వండి.

కొన్నాక మొదట చేయాల్సిన పని ఒకటుంది. పరుగులు నమోదు చేసుకునే స్ట్రావా అనే యాప్ 2017లో ప్రపంచమంతటా తనలో చేరిన పరుగులన్నీ కలిపి ఒక వెలుగుల మ్యాప్ వేస్తే, 2018 జనవరిలో ఓ ఆస్ట్రేలియా విద్యార్థి అందులో సైనిక స్థావరాల దారులు కనబడుతున్నాయని పట్టుకున్నాడు. సైనికులవే కనబడ్డప్పుడు, రోజూ ఒకే గేటు నుంచి ఒకే టైముకి బయల్దేరే మీ గీత కనబడదా? యాప్‌లో మొదలూ చివరా దాచే సెట్టింగ్ ఆన్ చేయండి, ప్రొఫైల్ తెలిసినవాళ్లకే ఉంచండి, ముఖ్యంగా ఆడపిల్లలు. అది ఎక్కడుందో దొరక్కపోతే నాకు ఫోన్ చేయండి. పొద్దున ఏడున్నర లోపు మాత్రం ఎత్తను, బీచ్‌లో ఉంటాను.

మీ పెద్దమ్మ