కుక్క గుర్రుమన్నప్పుడు

మా బ్రూనోకి అప్పుడు ఏడాదిన్నర. సాయంత్రం పెరుగన్నంలో ఉడికించిన చికెన్ ముక్కలు కలిపి గిన్నె కింద పెడితే, తింటున్నంతసేపూ ఎవరూ దగ్గరికి వెళ్లకూడదు. వెళ్తే ముందు నమలడం ఆగిపోయేది. తల గిన్నెలోనే ఉండేది, ఒళ్లు మాత్రం కర్రలా బిగుసుకునేది. కంటి కొసన తెల్లగుడ్డు కనపడేలా ఓరగా చూసేది. ఇంకో అడుగు వేస్తే గొంతులోంచి సన్నగా గుర్రుమనేది.

ఒక ట్రైనర్‌ని పిలిపించాం. ఆయన కాసేపు చూసి తేల్చేశారు. "ఇది మీ మీద పెత్తనం చేస్తోంది సార్. ఇంట్లో బాస్ ఎవరో దానికి తెలియాలి." మెడకి చోక్ చైన్, అంటే లాగితే మెడ చుట్టూ బిగుసుకునే గొలుసు, వేయించారు. గుర్రుమన్న ప్రతిసారీ చైన్ లాగి, వెల్లకిలా పడేసి, గింజుకోవడం మానేసేదాకా ఛాతీ మీద చెయ్యి వేసి నొక్కి పట్టుకోమన్నారు. నాలుగు రోజులు అలాగే చేశాం. అయిదో రోజుకి గుర్రుమనడం ఆగిపోయింది. హమ్మయ్య అనుకున్నాం. ఇంకో వారానికి, గిన్నె పక్కన పడిన చెంచా తీద్దామని నేను వంగితే, చడీచప్పుడు లేకుండా చెయ్యి కొరికేసింది. సబ్బు పెట్టి పావుగంట కడుక్కున్నాను. దానికి టీకాలన్నీ వేయించి ఉన్నా, నేను రేబిస్ ఇంజక్షన్లు వేయించుకున్నాను.

చేతికి కట్టు ఉండగానే కుక్కల ప్రవర్తన గురించి చదవడం మొదలుపెట్టాను. మేం చేసిన తప్పు చిన్నది కాదని చదివేకొద్దీ అర్థమైంది. మాకు చెప్పిన ఆ "బాస్" మాటకి కూడా పెద్ద కథే ఉంది.

ఆ కథ మొదలైంది తోడేళ్ల దగ్గర. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ జూలో రుడాల్ఫ్ షెంకెల్ అనే శాస్త్రవేత్త తోడేళ్లను ఏళ్ల తరబడి గమనించి 1947లో ఒక పరిశోధన పత్రం ప్రచురించాడు. అవి పై స్థానం కోసం ఎప్పుడూ కొట్లాడుకుంటాయనీ, గెలిచిన జంట మిగతావాటిని అణచి ఉంచుతుందనీ అందులో రాశాడు. ఆయన చూసింది నిజమే. కానీ 10 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల పొడవు ఉన్న ఆవరణలో పది తోడేళ్ల దాకా కుక్కి ఉంచారు. పారిపోవడానికి చోటు లేదు, వేటాడే పని లేదు. ముక్కూమొహం తెలియని మనుషుల్ని పదిమందిని ఒక గదిలో పెట్టి తాళం వేసి, బయటి నుంచి చూసి "మనుషుల కుటుంబాలు ఇలా ఉంటాయి" అని రాస్తే ఎలా ఉంటుంది?

అమెరికాలో డేవిడ్ మీచ్ అనే తోడేళ్ల నిపుణుడు 1970లో రాసిన పుస్తకంతో "ఆల్ఫా తోడేలు", అంటే కొట్లాడి గెలిచి గుంపుని ఏలే తోడేలు, అన్న మాట జనంలోకి వెళ్లింది. ఆ తర్వాత 1986 నుంచి ఆయన కెనడా ఉత్తరాన ఎల్స్‌మియర్ దీవిలో వేసవి వేసవికీ వెళ్లి, అడవి తోడేళ్లతోనే గడిపాడు. అక్కడ కనపడింది వేరే దృశ్యం. గుంపు అంటే అమ్మ, నాన్న, గత రెండు మూడేళ్లలో పుట్టిన పిల్లలు. అంతే. పెద్ద తోడేలు నాయకత్వం చేసేది గెలిచి కాదు, కన్నది కాబట్టి. మన ఇంట్లో నాన్నని ఎవరైనా "ఆల్ఫా" అంటారా? 1999లో మీచ్ ఈ సంగతి వివరంగా రాసి, ఆ పదాన్ని అలా వాడటం మానేద్దామన్నాడు. తన పాత పుస్తకం ముద్రణ ఆపమని పబ్లిషర్‌ని చాలాకాలం అడిగాడు. 2022లో గానీ అది ఆగలేదు. తను రాసినదాన్ని తనే వెనక్కి తీసుకోవడానికి ఇంతగా పోరాడిన మనిషంటే నాకు చాలా గౌరవం.

ఈలోగా కుక్కల లోకంలో జరగాల్సింది జరిగిపోయింది. న్యూయార్క్ రాష్ట్రంలోని న్యూ స్కీట్ మఠంలో జర్మన్ షెపర్డ్‌లను పెంచే క్రైస్తవ సన్యాసులు 1978లో ఒక పుస్తకం రాశారు. మాట వినని కుక్కని వెల్లకిలా పడేసి అదిమి పట్టమనే పద్ధతి దానితోనే బాగా పాకింది. తర్వాత టీవీ షోలు అందుకున్నాయి. ఆ సన్యాసులు 2002 నాటి కొత్త కూర్పులో ఆ పద్ధతి వద్దని చెప్పారు. ఆ రెండో మాట మాత్రం మా వీధి దాకా రాలేదు.

కొడితే, అదిమితే కుక్క ఏం చేస్తుంది? అమెరికాలో పెన్సిల్వేనియా యూనివర్సిటీ పశువైద్యులు కుక్కల ప్రవర్తనకి చికిత్స కోసం వచ్చిన 140 మంది యజమానుల్ని అడిగి 2009లో ఫలితాలు ప్రచురించారు. కొట్టడమో తన్నడమో చేశామన్నవాళ్లలో 43 శాతం మంది, కుక్క కోపంగా ఎదురుతిరిగిందన్నారు. వెల్లకిలా పడేసి అదిమినవాళ్లలో అలా చెప్పినవాళ్లు 31 శాతం. వీళ్లంతా అప్పటికే సమస్య ఉన్న కుక్కలతో వచ్చినవాళ్లు కాబట్టి, ఈ లెక్క అన్ని కుక్కలకీ అలాగే వర్తించదు. కానీ ఆలోచించండి, జనం ఇలాంటి పద్ధతుల వైపు వెళ్లేది సరిగ్గా ఇలాంటి కుక్కల విషయంలోనే.

నాకు బాగా నచ్చిన ప్రయోగం పోర్చుగల్‌లో జరిగింది. రకరకాల ట్రైనింగ్ స్కూళ్లకు వెళ్లే 92 పెంపుడు కుక్కల్ని తీసుకుని, క్లాసు జరుగుతుండగా వీడియో తీశారు. లాలాజలంలో కార్టిసాల్ కొలిచారు. అది ఒంట్లో టెన్షన్ పెరిగినప్పుడు ఎక్కువయ్యే హార్మోను. తర్వాత వాటిలో 79 కుక్కలకు ఒక పరీక్ష పెట్టారు. గదిలో ఒక పక్కన గిన్నె పెడితే అందులో ఎప్పుడూ సాసేజ్ ముక్క ఉంటుంది, రెండో పక్కన పెడితే ఎప్పుడూ ఖాళీయే. కుక్క ఇది నేర్చుకున్నాక, గిన్నెని ఆ రెంటికీ మధ్యలో పెడతారు. ఉందనుకుంటే పరుగెత్తుతుంది. ఉండదులే అనుకుంటే కాళ్లీడ్చుకుంటూ వెళ్తుంది. గొలుసు గుంజుళ్లు, కేకలు ఎక్కువగా ఉండే స్కూళ్ల కుక్కల లాలాజలంలో కార్టిసాల్ బాగా పెరిగింది. మధ్య గిన్నె వైపు కూడా అవే నెమ్మదిగా వెళ్లాయి. ఇది 2020లో వచ్చింది. క్లాసు అయిపోయి, తిట్టే మనిషి ఎదురుగా లేకపోయినా, మంచి జరుగుతుందన్న ఆశే వాటిలో కాస్త తగ్గిందన్నమాట. అది చదివిన రోజు బ్రూనో మొహం చూడలేకపోయాను.

"బిస్కెట్లకి అలవాటు చేస్తే బిస్కెట్ ఉంటేనే వింటుంది" అని చాలామంది అంటారు. పేలుడు పదార్థాల్ని వాసన పట్టే పోలీసు జాగిలాలు చాలావరకు పనిచేసేది ఒక బంతి కోసం. వాసన దొరికితే బంతి దొరుకుతుంది, కాసేపు ఆట దొరుకుతుంది. అలాంటి కుక్కని నమ్ముకుని మనుషులు ప్రాణాలు పణంగా పెడుతున్నారు. మంచి ఫలితం వచ్చిన పనిని జంతువు మళ్లీ చేస్తుందని థార్న్‌డైక్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1898లోనే పిల్లుల మీద ప్రయోగాలు చేసి చెప్పాడు. అయితే ఆ ఫలితం వెంటనే, ఒకటి రెండు క్షణాల్లో రావాలి. పొద్దున సోఫా చింపినదానికి సాయంత్రం ఇంటికొచ్చి తిడితే, కుక్క ఆ తిట్టుని ముడిపెట్టుకునేది మన రాకతోనే.

"లేదండీ, దానికి తప్పు చేశానని తెలుసు, తల దించుకుంటుంది" అనేవాళ్ల కోసం న్యూయార్క్‌లో అలెగ్జాండ్రా హొరోవిట్జ్ అనే కుక్కల పరిశోధకురాలు 2009లో ఒక ప్రయోగం చేశారు. తినొద్దని చెప్పి యజమాని బయటికి వెళ్తాడు. కుక్క తిందో లేదో అతనికి కొన్నిసార్లు నిజం, కొన్నిసార్లు అబద్ధం చెబుతారు. తిట్లు పడినప్పుడల్లా కుక్కలు ఆ తప్పు చేసిన మొహం పెట్టాయి, తిన్నా తినకపోయినా. ఏ తప్పూ చేయకుండా తిట్లు తిన్నవాటి మొహంలోనే అది ఎక్కువగా కనపడింది. మనం పశ్చాత్తాపం అనుకునేది, కోపంగా ఉన్న మనిషిని చల్లబరచడానికి అది చేసే ప్రయత్నం.

మెడకి కరెంట్ షాక్ ఇచ్చే షాక్ కాలర్ల దగ్గర వాదన ఇంకా తెగలేదు. వేల్స్ 2010లోనే వాటిని నిషేధించింది. ఇంగ్లండ్‌లో లింకన్ యూనివర్సిటీ వాళ్లు, పిలిస్తే రాని 63 కుక్కలతో చేసిన పోలికలో కాలర్ వల్ల అదనపు లాభమేమీ కనపడలేదు, బహుమతులతో నేర్పినవే ఇంకాస్త చురుగ్గా విన్నాయి. మరోపక్క 2024లో అమెరికాలో 19 కుక్కలతో చేసిన ప్రయోగంలో, పరుగెత్తే ఎరని వెంటాడటం కాలర్ వేసినవే మానేశాయి, ఆ కొద్దిపాటి శిక్షణలో తిండితో నేర్పినవి మానలేదు. ఇచ్చిన సమయం చాలలేదనీ, తిండితో నేర్పే తీరు సరిగా లేదనీ విమర్శలు వచ్చాయి. గొర్రెల మంద మీద పడే కుక్క ఉన్న రైతుకి ఇది ప్రాణాల సమస్య, అతని కష్టాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను. కానీ అపార్ట్‌మెంట్లో కాలింగ్ బెల్ మోగితే మొరిగే కుక్కకి కరెంట్ షాక్ ఇవ్వడాన్ని మాత్రం ఏ రకంగానూ సమర్థించలేను.

ఎవరూ ట్రైనింగ్ ఇవ్వని కుక్కల సంగతి చూద్దాం. కోల్‌కతాలోని ఐసర్ అనే సైన్స్ పరిశోధన సంస్థలో అనిందితా భద్ర బృందం చాలా ఏళ్లుగా మన వీధికుక్కల మీద పరిశోధన చేస్తోంది. మూతపెట్టిన రెండు గిన్నెల్లో ఒకదాని వైపు కొత్త మనిషి వేలు చూపిస్తే ఏం చేస్తాయో 160 కుక్కలతో చూశారు. దాదాపు సగం దగ్గరికే రాలేదు. వచ్చినవాటిలో దాదాపు 80 శాతం వేలు చూపించిన గిన్నె దగ్గరికే వెళ్లాయి. ఎవరూ నేర్పకుండానే మనిషి చెయ్యి ఏం చెబుతోందో వాటికి తెలుసు. అదే బృందం చేసిన మరో పరిశోధనలో, పదేపదే తిండి పెట్టిన కొత్త మనిషి కంటే తల నిమిరిన కొత్త మనిషినే అవి ఎక్కువగా నమ్మాయి. దగ్గరికి రాని ఆ సగం కుక్కల గురించే నేను ఎక్కువ ఆలోచిస్తుంటాను. వాటికి మన చేతులతో ఎలాంటి అనుభవాలున్నాయో.

"మొరిగే కుక్క కరవదు" అంటారు పెద్దలు. మొరిగినవీ కరుస్తాయి, ఆ సామెతని నమ్ముకుని చెయ్యి చాపకండి. కానీ అందులో ఒక సంగతి ఉంది. చాలా కుక్కలు కరవడానికి ముందు చెప్పాల్సినంత చెబుతాయి. మూతి నాకుకోవడం, నిద్ర రాకుండానే ఆవలించడం, మొహం పక్కకి తిప్పుకోవడం, బిగుసుకుపోవడం, ఆ తర్వాత గుర్రుమనడం. తోక ఊపినంత మాత్రాన సంతోషమని కూడా కాదు, నిటారుగా బిగిసి ఊగే తోక వేరు. బ్రూనో ఇవన్నీ వరసగా చెప్పింది. మేం దాని భయాన్ని తగ్గించలేదు, ఆ చివరి మాటని మాత్రం కొట్టి మాన్పించాం. ఇంక దానికి మిగిలింది పళ్లే.

తర్వాత ఒక వెటర్నరీ డాక్టర్ వేరే దారి చెప్పారు. ముందు చోక్ చైన్ తీసేయమన్నారు. అది తింటున్నప్పుడు ఆరడుగుల దూరం నుంచి ఒక చికెన్ ముక్క గిన్నె వైపు విసిరి, ఆగకుండా నడిచి వెళ్లిపోమన్నారు. ఒళ్లు బిగిస్తే మర్నాడు ఇంకాస్త దూరం నుంచి వేయాలి. బిగించకపోతే కొన్నాళ్లకి అరడుగు దగ్గరికి జరగాలి. రెండు నెలలు పట్టింది. నా అడుగుల చప్పుడు వింటే గిన్నెలోంచి తలెత్తి నా చేతి వైపు చూడటం మొదలుపెట్టింది. తోక నడుముతో సహా ఊగేది.

ఏడాది గడిచాక ఒక సాయంత్రం, గిన్నె దగ్గర నేను కూర్చుని ఉండగా మళ్లీ గుర్రుమంది. నేను లేచి వెనక్కి వచ్చేశాను. ఇంట్లోవాళ్లు కంగారుపడ్డారు, నాకు మాత్రం కళ్లు చెమర్చాయి. అన్నం సగం వదిలేసి, తల ఒక పక్కకి వంచి నమలడం అప్పుడు గమనించాను. మర్నాడు డాక్టర్ నోరు తెరిచి చూస్తే, పై దవడలో పెద్ద పన్ను నిలువునా చీలి ఉంది.