షోలాకిలి: అపోహలు - వాస్తవాలు

ఎండాకాలం ఊటీ, కొడైకెనాల్ వెళ్లే మనవాళ్లలో ఈమధ్య పక్షుల పిచ్చి ఉన్నవాళ్లు పెరిగారు. పాత పుస్తకంలో ఒక పేరు, ఫోన్ యాప్‌లో ఇంకో పేరు కనిపించేసరికి తికమకపడి అడుగుతుంటారు. అలా ఎక్కువమంది అడిగేది షోలాకిలి గురించి. పడమటి కనుమల ఎగువన, లోయ మడతల్లో పెరిగే చల్లటి షోలా అడవుల్లో నేలకు దగ్గరగా తిరిగే చిన్న నీలం పిట్ట ఇది. పక్షుల వర్గీకరణే నా పని కాబట్టి తరచూ వినే మాటలకు ఇక్కడ జవాబు చెబుతాను.

అపోహ: పనిలేక పేర్లు మారుస్తుంటారు.

వాస్తవం: 1840లలో నీలగిరి షోలాకిలికి మొదట శాస్త్రీయ నామం పెట్టింది జెర్డన్. మన నెల్లూరులో సర్జన్‌గా పనిచేసిన ఆయనే. కడప కలివికోడి ఇంగ్లిషు పేరులో ఉన్నదీ ఆయన పేరే. 1860లలో బ్లాన్‌ఫర్డ్ పళని కొండల తెల్లపొట్ట పిట్టను వర్ణించాడు. ఆ రోజుల్లో చేతిలో ఉన్న ఆధారం ఎండబెట్టిన చర్మమే. ముక్కు, కాళ్లు, తోక కొలిచి ఏ ప్రజాతికి (దగ్గరి చుట్టాలైన జాతుల గుంపుకు) దగ్గరగా తోస్తే అందులో పెట్టేవారు. పొడుగు కాళ్లూ పొట్టి తోకా చూసి చాలాకాలం వీటిని హిమాలయాల్లోని షార్ట్‌వింగ్‌ పిట్టలతో కలిపి బ్రాకిప్టెరిక్స్ అనే ప్రజాతిలో ఉంచారు. తర్వాత మయోమెలా అనే ప్రజాతిలోకి మార్చారు. కానీ చీకటి పొదల కింద గెంతుతూ పురుగులు ఏరుకునే ఏ పిట్టకైనా అలాంటి ఒళ్లు ఏర్పడవచ్చు. పోలిక ఉన్నంత మాత్రాన చుట్టరికం ఉన్నట్టు కాదు. 2017లో వి.వి. రాబిన్, ఉమా రామకృష్ణన్, సుష్మా రెడ్డి తదితర శాస్త్రవేత్తలు డీఎన్‌ఏ సరిచూస్తే ఇవి నీల్టావాల వంటి ఫ్లైక్యాచర్ల (పురుగులు పట్టి తినే చిన్న పిట్టల) వైపు తేలాయి. ఉన్న ప్రజాతుల్లో ఎక్కడా ఇమడవు. అందుకే షోలికోలా అనే కొత్త ప్రజాతి వచ్చింది.

అపోహ: కొండకో రంగు ఉంటే కొండకో జాతి అనేస్తారు.

వాస్తవం: రంగు ఒక్కటే చూసి ఎవరూ తేల్చరు. నీలగిరి షోలాకిలికి పక్కలు ఇటుకరంగులో ఉంటాయి. పాలక్కాడ్ కనుమకు దక్షిణాన ఉన్నదానికి పక్కలు నీలి బూడిద, పొట్ట తెలుపు. కొండల వరుస తెగిన చోటు అయిన ఆ కనుమ వెడల్పు సుమారు 30 కిలోమీటర్లు. చల్లటి ఎత్తు దిగి రాని పిట్టకు అది సముద్రమంత. రెండు వైపుల జనాభాలూ లక్షల ఏళ్లుగా కలవలేదని జన్యువులు చెబుతున్నాయి. పాలక్కాడ్ దగ్గర గీసిన గీత మీద నాకు అనుమానమేమీ లేదు.

ఇంకా దక్షిణాన, సెంగోట్టై కనుమ అవతల ఉన్న అషాంబు కొండల పిట్ట సంగతి వేరు. దాన్ని 2017లో కొత్త జాతిగా వర్ణించారు. పక్షి జాతుల జాబితాలన్నీ దాన్ని ఒప్పుకోలేదు. తెల్లపొట్ట షోలాకిలిలో ఉపజాతిగా ఉంచేవారున్నారు. ఇక్కడ తొందరపడకపోవడమే మంచిదని నా అభిప్రాయం. జాతిని విడదీయడానికి ఆధారంగా చూపే పాటల తేడాను జాగ్రత్తగా చూడాలి. ఎందుకంటే మొన్నమొన్నటి అడవి నరుకుడు వల్ల విడిపోయిన ముక్కల మధ్య కూడా ఈ పిట్టల పాటలో తేడా వస్తోందని తేలింది.

(కొత్త జాతి అనగానే ఎవరూ చూడని పిట్ట దొరికిందనుకుంటారు. అషాంబు పిట్టను పక్షిప్రియులు అంతకుముందే చూస్తున్నారు. కొత్తది పేరు మాత్రమే.)

అపోహ: ఒకటా, రెండా అన్నది పండితుల గొడవ. పిట్టకు ఒరిగేదేమీ లేదు.

వాస్తవం: ప్రమాద స్థాయిని లెక్కకట్టేది జాతిని బట్టే. ప్రకృతి సంరక్షణ అంతర్జాతీయ సంఘం ఐయూసీఎన్ తయారుచేసే ఎర్ర జాబితా కొలమానాల్లో ఒకటి విస్తీర్ణం. జాతి వ్యాపించిన పరిధి 20,000 చదరపు కిలోమీటర్ల లోపైతే ‘ప్రమాదంలో పడే అవకాశం’, 5,000 లోపైతే ‘అంతరించే ప్రమాదం’ అనే వర్గం రావచ్చు. విస్తీర్ణంతో పాటు ఆవాసం ముక్కలవడం, తగ్గుతూ ఉండడం వంటివి కూడా కనిపించాలి. ఒక జాతిని రెండుగా విడదీస్తే ఒక్కోదాని పరిధి చిన్నదవుతుంది. నీలగిరి షోలాకిలి ఇప్పుడు ‘అంతరించే ప్రమాదం’ వర్గంలో ఉంది. దాని దక్షిణాది చుట్టం ఒక మెట్టు తక్కువ ప్రమాదమున్న ‘ప్రమాదంలో పడే అవకాశం’ వర్గంలో ఉంది. అదే కొండల్లోని బాణాసుర లాఫింగ్‌త్రష్ అనే పిట్ట ఇంకా గట్టి ఉదాహరణ. ఒకప్పుడు పెద్ద జాతిలో ఒక రూపంగా కలిసిపోయి ఉండేది. విడిగా చూస్తే అది ప్రధానంగా వయనాడ్ పరిసరాల్లో బాణాసుర, చెంబ్ర, వెల్లరిమల వంటి కొద్ది శిఖరాల పైభాగానికే పరిమితం.

నిధుల కోసమే జాతులను చీలుస్తారన్న మాటా వింటుంటాను. అలాంటి ఆశ ఎవరికీ ఉండదని అనను. కానీ డీఎన్‌ఏ కొలతను ఆశ మార్చలేదు.

అపోహ: ఊటీ తోటల్లో రోజూ కనిపిస్తుంది, దానికేం ప్రమాదం?

వాస్తవం: ఒక చోట ఎక్కువగా ఉండడం వేరు, చాలా చోట్ల ఉండడం వేరు. షోలాను ఆనుకున్న ఇంటి పెరట్లోకి ఇది వచ్చిపోతుంది. షోలా పోతే ఆ పెరడొక్కటే దాన్ని నిలపలేదు.

అపోహ: నీలగిరులు పచ్చగానే ఉన్నాయిగా.

వాస్తవం: ఆ పచ్చదనంలో చాలావరకు తేయాకు, నీలగిరి చెట్టు, తుమ్మకు చుట్టమైన వాటిల్, పైన్. నీలగిరి చెట్టు ఆస్ట్రేలియా నుంచి 19వ శతాబ్దంలో వచ్చింది. అసలు అక్కడి భూమి తీరు లోయ మడతల్లో షోలా, వాటి మధ్య గడ్డిమైదానం. తోటలు మొదట మింగింది గడ్డినే. అలాగని పాత తోటలన్నిటినీ నరికెయ్యమనడం కూడా తప్పే. కొన్నిచోట్ల ముదిరిన తోటల నీడలో షోలా మొక్కలు మళ్లీ లేస్తున్నాయి.

అపోహ: ఎర్ర జాబితాలో ఉంటే చట్టం చూసుకుంటుంది.

వాస్తవం: ఎర్ర జాబితా అంచనా మాత్రమే. మన దేశంలో చట్టమంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దాని షెడ్యూళ్లు (రక్షణ పొందే జీవుల పట్టికలు). అక్కడ పేరు మారడం ఎర్ర జాబితాలో మారినంత సులువు కాదు.

అపోహ: ఫోన్‌లో దాని పాట వినిపించి ఫొటో తీస్తే పిట్టకేం నష్టం?

వాస్తవం: వేరే మగపిట్ట తన హద్దులోకి వచ్చిందనుకుని తిండీ గూడూ వదిలేసి పొద కొసకు వస్తుంది. రోజూ పదిమంది అదే పొద దగ్గర అదే పని చేస్తే ఎలా ఉంటుందో ఊహించండి. ఊరికే నిలబడి రికార్డు చేస్తే పాట దొరుకుతుంది, చోటూ తేదీ జోడిస్తే మా పనికీ అక్కరకొస్తుంది.