ఒంగోలు ఆబోతు నుంచి జీన్ చిప్ దాకా

వియాటినా-19 అనే తెల్లావు విలువ 2023లో బ్రెజిల్‌లో 40 లక్షల డాలర్లు పలికింది. బరువు వెయ్యి కిలోల పైనే. ఆ వార్త చూసి చెన్నైలోని తెలుగువాళ్లం "మన ఒంగోలు ఆవే" అని మురిసిపోయాం. న్యాయమైన మురిపెమే. అయితే ఆ ధర వెనక జాతితో పాటు, దశాబ్దాల పాటు విసుగులేకుండా రాసిన లెక్కలు కూడా ఉన్నాయి.

నెల్లూరు, ఒంగోలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లోనే ఈ పశువులు సముద్రం దాటి బ్రెజిల్ చేరాయి. అక్కడ వాటికి నెల్లూరు పేరే నిలిచింది: నెలోరె. 1938లో వంశావళి పుస్తకం తెరిచారు. 1960ల మొదట్లో మరో పెద్ద విడత వెళ్లింది. ఒంగోలు పక్కనున్న కరవది ఊరి పేరుతోనే ఒక ఆబోతు అక్కడ వేల దూడలకు మూలపురుషుడైంది.

ఇక్కడ మన రైతు మూపురం, గంగడోలు, సుడి, నడక చూసి ఎంచేవాడు. దుక్కికీ బండలాగుడుకీ ఆ కన్ను చాలా గొప్పది. కానీ ఒక కోడె బలంగా ఉంటే అది మేత వల్లా, పుట్టుక వల్లా? చూపుతో తేలదు. అమెరికాలో జే లష్ అనే పశు జన్యుశాస్త్రవేత్త 1930లలో ఈ చిక్కునే పట్టుకున్నాడు. తర్వాత హెండర్సన్ అనే మరో శాస్త్రవేత్త మేపును, ఊరిని, ఏడాదిని పక్కకు తీసి వారసత్వాన్ని మాత్రమే అంచనా వేసే గణితం తయారుచేశాడు. 1971లో అక్కడ సిమెంటాల్ అనే విదేశీ జాతి ఆబోతులకు అలాంటి అంచనాల జాబితా వచ్చింది. ఒక ఆబోతుకు తల్లిపాలు మాన్పే నాటి బరువులో +10 కిలోలు, ఇంకోదానికి +2 అని ఉంటే, ఒకే రకం ఆవుల మీద మొదటిదాని దూడలు సగటున 8 కిలోలు ఎక్కువ తూగుతాయి. ఏ ఒక్క దూడకూ అది గ్యారంటీ కాదు.

2001లో మ్యూవిసెన్, హేస్, గొడార్డ్ అనే శాస్త్రవేత్తలు డీఎన్ఏ గుర్తులన్నిటినీ, అంటే పశువుకూ పశువుకూ తేడా కనిపించే చోట్లన్నిటినీ కలిపి అంచనా వేయొచ్చని చూపించారు. కొన్నేళ్లకే యాభై వేలకు పైగా గుర్తులు చదివే చిప్ వచ్చింది. దాంతో దూడ పుట్టగానే చిన్న నమూనాతో కొంత చెప్పగలుగుతున్నారు.

చిప్ ఒక్కటే ఏమీ చెప్పదు. బరువులు, పాలు నమోదైన వేల పశువుల డీఎన్ఏతో పోల్చితేనే దానికి మాట వస్తుంది. మాంసం కోసం పెంచే ఆంగస్ అనే విదేశీ జాతి మీద కట్టిన లెక్క ఒంగోలుకు పెద్దగా పనికిరాదు. పైగా నంబరు బాగుందని అందరూ ఆ నాలుగు ఆబోతులనే వాడితే రక్తసంబంధం దగ్గరై జాతే బలహీనపడుతుంది. ఈ భయం నాకు గట్టిగానే ఉంది.

2024 అక్టోబరులో మన దేశం దేశవాళీ ఆవుల కోసం 'గౌ చిప్' విడుదల చేసింది. మన అవసరం మాంసం కాదు, పాలు, పనిబలం. లెక్క కట్టే పద్ధతి మాత్రం ఒకటే. 12 అంకెల చెవి ట్యాగ్ ఇప్పటికే కోట్ల పశువులకు ఉంది. ఆ నంబరు ఎదురుగా తండ్రి ఎవరు, దూడ ఎప్పుడు పుట్టింది, ఎంత తూగింది, ఎన్ని పాలిచ్చింది అని నెలనెలా రాసే మనిషి ఒంగోలు పశువులున్న ప్రతి ఊళ్లో కావాలి. ఆ మనిషి జీతం కూడా చిప్ ఖర్చులోనే లెక్కేయాలి.