బటన్లు వాయించడమే ఆటా? చేతిలో పట్టే సమురాయ్ గేముల మీద అపోహలు - వాస్తవాలు

"ఇందులో చూడ్డానికి ఏముందండీ, ఒకే బటన్ వాయించడమే కదా!" హాక్ అండ్ స్లాష్ గేమ్ (కత్తి తిప్పుతూ శత్రువుల గుంపుల్ని నరికే గేమ్) ఏది ముందు పెట్టినా మొదట వినపడే మాట ఇదే. కొనేవాళ్లూ అంటారు, రివ్యూలు చెప్పేవాళ్లూ అంటారు, టెస్టింగ్‌లోకి కొత్తగా వచ్చిన పిల్లలూ అంటారు. ఈ ఒక్క మాట వల్ల మంచి గేములకు అత్తెసరు మార్కులు పడుతున్నాయి, డొల్ల గేములు ఫస్ట్ క్లాసులో పాసైపోతున్నాయి. అందుకే దీని గురించే ఎక్కువ రాస్తున్నాను, మిగతావి చివర్లో గబగబా ముగిస్తాను.

మాటల్లో కాకుండా ఒక గేమ్ మీద పెట్టి చూద్దాం. వనిల్లావేర్ వాళ్లు 2009లో నింటెండో వీ కన్సోల్ (టీవీకి తగిలించే గేమ్ మెషీన్) కోసం చేసిన 'ఒబొరో మురమాస' 2013లో 'మురమాస రీబర్త్' పేరుతో చేతిలో పట్టుకుని ఆడే ప్లేస్టేషన్ వీటాకి వచ్చింది. పక్క నుంచి కనిపించే టూడీ గేమ్. కథ గెన్రోకు కాలంలో, అంటే 1688-1704 మధ్య, తొకుగావా త్సునయోషి షోగన్‌గా, అంటే జపాన్ సైనిక పాలకుడిగా ఉన్న రోజుల్లో నడుస్తుంది. మొమొహిమె అనే రాకుమారి, కిసుకె అనే నింజా ముఖ్య పాత్రలు. చేతికొచ్చే శాపగ్రస్త ఖడ్గాలు మొత్తం 108.

అపోహ: కళ్లు మూసుకుని బటన్ కొట్టినా గెలుస్తున్నానంటే ఆ గేమ్‌లో లోతు లేనట్టే.

వాస్తవం: మీరు ఆడింది ఏ స్థాయిలో? ఇందులో ముసో, షురా అని రెండు స్థాయిలు మొదటి నుంచే ఉంటాయి. ముసో తప్పులను క్షమిస్తుంది, షురా క్షమించదు. గేమ్ పూర్తయ్యాక షిగురుయ్ అనే మూడోది తెరుచుకుంటుంది. అందులో ప్రాణం ఎప్పుడూ 1 మాత్రమే, ఒక్క దెబ్బ తగిలితే ఆట ముగిసినట్టే. శత్రువులూ కత్తులూ అవే, బటన్లూ అవే. ముసోలో ఎనిమిది గంటలు ఆడి "రిపీటెడ్‌గా ఉంది" అని తేల్చేసినవాళ్లు చూసింది గేమ్‌లో సగమే.

లోతు ఎక్కడుందో దగ్గరగా చూడండి. ఒకేసారి మూడు కత్తులు మోయొచ్చు. ప్రతి కత్తికీ ఒక ఆత్మశక్తి గేజ్ (ఎంత శక్తి మిగిలిందో చూపే గీత). దాడి బటన్ నొక్కి పట్టుకుంటే గార్డ్ పడుతుంది, కానీ ఆపిన ప్రతి దెబ్బా ఆ గేజ్‌ని తింటుంది. స్పెషల్ దెబ్బలూ అందులోంచే ఖర్చు. గేజ్ సున్నాకి వస్తే కత్తి విరుగుతుంది, ఒరలో పెడితే మెల్లగా అతుక్కుంటుంది. ఇప్పుడు నాలుగైదుగురు నింజాలు చుట్టుముట్టారనుకోండి. గుడ్డెద్దు చేలో పడ్డట్టు బటన్ వాయించేవాడికి మొదటి కత్తి విరుగుతుంది, హడావుడిగా రెండోది తీస్తాడు, అదీ విరుగుతుంది. మూడూ విరిగాక ఆపుకోవడానికి ఏమీ మిగలదు. ఆట తెలిసినవాడు మొదటి కత్తి గేజ్ పూర్తిగా పడిపోకముందే, ఒరలో ఉన్న ఇంకో కత్తి మెరిసే క్షణం చూసి మారుస్తాడు. ఆ మార్పే ఒక దెబ్బ, తెర మీదున్న శత్రువులందరికీ ఒకేసారి తగులుతుంది. మొదటి కత్తి ఒరలో కోలుకుంటూ ఉంటుంది. పొడవాటి బరువు కత్తి ఏది, చురుకైన మామూలు కత్తి ఏది, ఏ రెండూ ఏ ఒకటీ పెట్టుకోవాలి అన్నది ఇంకో లెక్క. తిండి కూడా ఇష్టం వచ్చినట్టు తినడానికి లేదు. కడుపు నిండితే అరిగేదాకా ఇంకో ముద్ద దిగదు కాబట్టి, బాస్ (పెద్ద శత్రువు) ముందు ప్రాణం నింపుకోవడం కూడా ముందుచూపుతో చేయాల్సిన పని.

అంటే చూడాల్సింది ఎన్ని బటన్లున్నాయని కాదు. తప్పు చేస్తే గేమ్ ఏం వసూలు చేస్తుంది, ఆ తప్పు ఎక్కడ జరిగిందో ఆడేవాడికి తెలిసేలా చూపిస్తుందా లేదా అన్నది. మొదటి అరగంటలో దీన్ని తేల్చుకోవడానికి పద్ధతి ఉంది.

ట్యుటోరియల్ (ఆట నేర్పే మొదటి భాగం) అయ్యాక వచ్చే మామూలు గుంపు ఒకటి ఎంచుకోండి. ఒకసారి దాడి బటన్ ఒక్కటే వాడి ఆడండి. పట్టిన సమయం, పోయిన ప్రాణం రాసుకోండి. అదే గుంపుతో మళ్లీ, ఈసారి ఒక్క దెబ్బ కూడా తినకూడదన్న పట్టుదలతో ఆడండి. ఈ రెంటినీ పై స్థాయిలో మళ్లీ చేయండి. కింది స్థాయిలో తేడా లేకపోయినా ఫర్వాలేదు. పై స్థాయిలో కూడా రెండు ఆటలకూ అంకెలు దగ్గరదగ్గరగా వస్తే మాత్రం ఆ గేమ్ నిజంగానే డొల్ల.

తర్వాత క్యాన్సిల్, అంటే మొదలుపెట్టిన దెబ్బను మధ్యలో తెంచేయడం. అన్నిటికన్నా బరువైన దెబ్బ మొదలుపెట్టి, కత్తి దిగే లోపు డాడ్జ్ (పక్కకు తప్పుకునే బటన్) నొక్కండి. పాత్ర అక్కడే తెగి పక్కకు దూకిందా, దెబ్బ పూర్తయ్యాకే కదిలిందా? రెండూ తప్పు కాదు. కానీ ఒక దెబ్బకు తెగి, అలాంటిదే ఇంకో దెబ్బకు తెగకపోతే చేతికి ఆట ఎప్పటికీ అలవాటు కాదు. "కంట్రోల్స్ బాగోలేదు" అని జనం అనేదానికి చాలాసార్లు కారణం ఇదే. బఫర్‌నీ ఇలాగే చూడండి. దెబ్బ కొట్టి కోలుకుంటున్నప్పుడు తర్వాతి బటన్ కాస్త ముందుగా నొక్కితే, గేమ్ గుర్తుపెట్టుకుని సమయానికి ఆ దెబ్బ వేయాలి. మింగేసిందంటే ఆడేవాడు కంగారుపడి మూడుసార్లు నొక్కుతాడు. బటన్ వాయించే అలవాటు పుట్టేదే అక్కడ. ఆటగాడి తప్పేమీ లేదు.

మూడోది, ఏమీ చేయకుండా నిలబడటం. పదిమంది మధ్య 30 సెకన్లు గార్డ్ ఒక్కటే వేసి ఉండండి. ఎన్ని దెబ్బలు ముందు సైగ లేకుండా వచ్చాయి, ఎన్ని తెర బయటి నుంచి వచ్చాయి, లెక్కపెట్టండి. చేయి ఎత్తడమో, కత్తి మెరవడమో, ఒక అరుపో ఉండాలి. శబ్దం ఒక్కటే సైగ అయితే, బస్సులో సౌండ్ తీసేసి ఆడేవాడి గతేమిటి? చేతిలో పట్టే గేమ్‌కి ఇది పెద్ద లోపమే, మార్కులు తగ్గించాల్సిందే.

ఇక్కడ ఒక మాట. "నా చేతులు నెమ్మది, వయసు దాటిపోయింది, ఇలాంటివి నాకు రావేమో" అని భయపడేవాళ్లు చాలామంది. సులువు స్థాయిలో ఆడటం సిగ్గుపడే విషయం కాదు, అది పెట్టిందే మీ కోసం. కథ, బొమ్మలు, సంగీతం ఏవీ తగ్గవు. పైగా ఈ గేములు అడిగేది వేలి వేగాన్ని కాదు, వరసని. శత్రువు ఎత్తిన చేయి చూసి ఆగడం నేర్చుకుంటే నెమ్మది చేతులు కూడా సరిపోతాయి. సులువు స్థాయిలో ఆడి, గేమ్ మొత్తానికి అదే తీర్పు ఇవ్వొద్దన్నదే నా గొడవ.

అపోహ: సెకనుకు 60 ఫ్రేములుంటే (తెర మీద మారే బొమ్మలు) మంచి గేమ్, 30 అయితే చెత్త.

వాస్తవం: ఎన్ని అన్నదాని కంటే నిలకడ ముఖ్యం. 60లో ఒక్కో ఫ్రేమ్ 16.7 మిల్లీ సెకన్లు, 30లో 33.3. గార్డ్ వేసే అదను కంటితో కన్నా చేత్తో నేర్చుకుంటాం. గుంపు పెరిగినప్పుడల్లా 60 నుంచి 40కి జారే గేమ్‌లో ఆ అదను మారుతూ ఉంటుంది. ఎప్పుడూ 30లోనే ఉండే గేమ్ దానికన్నా నయం.

ఊహించడం దేనికి, కొలవండి. సెల్‌ఫోన్ స్లోమోషన్‌ని 240 ఫ్రేములకు పెట్టి, బొటనవేలూ తెరా రెండూ కనపడేలా వీడియో తీయండి. వీడియోలో ఒక్కో ఫ్రేమ్ దాదాపు 4.2 మిల్లీ సెకన్లు. బటన్ పూర్తిగా దిగిన ఫ్రేమ్ నుంచి పాత్ర భంగిమ మారిన మొదటి ఫ్రేమ్ దాకా లెక్కపెట్టండి. 24 వస్తే 100 మిల్లీ సెకన్ల ఆలస్యం. పదిసార్లు తీసి, అంకెల్ని వరసలో పెట్టి మధ్యది తీసుకోండి. ఒక్కసారి తీసినదాన్ని నమ్మొద్దు, ఎందుకంటే బటన్ పడిన క్షణం ఫ్రేమ్‌లో ఎక్కడ పడిందన్నదాన్ని బట్టి అంకె మారుతుంది. కొన్ని ఫోన్లు మధ్యలో ఫ్రేములు కల్పించి 240 అని చూపిస్తాయి, వాటితో ఈ కొలత పనికిరాదు. అదే వీడియోలో హిట్‌స్టాప్ కూడా చూడొచ్చు. కత్తి తగిలినప్పుడు బొమ్మ కొన్ని ఫ్రేములు బిగుసుకుపోతుంది, దెబ్బకు బరువున్నట్టు అనిపించేది దానివల్లే. బరువు కత్తికీ తేలిక కత్తికీ ఆ ఆగడం ఒకేలా ఉంటే, ఆయుధాలు ఎన్ని ఇచ్చినా చేతికి అన్నీ ఒకటే.

అపోహ: పెద్ద కన్సోల్‌లో బాగుంటే చేతిలోనూ బాగుంటుంది.

వాస్తవం: సోనీ చేతి మెషీన్ పీఎస్‌పీకి రెండో స్టిక్ (బొటనవేలితో తిప్పే మీట) లేదు, తెర 480×272. నింటెండో చేతి మెషీన్ మొదటి 3డీఎస్‌కీ ఒక్కటే సర్కిల్ ప్యాడ్ (స్టిక్ లాంటిదే). త్రీడీ యుద్ధరంగంలో కెమెరా తిప్పడానికి వేలు ఖాళీ ఉండదు, ఆ పని భుజం బటన్ల మీద పడుతుంది. గార్డ్ కూడా అదే బటన్‌లో ఉంటే ఇరుకున పడ్డట్టే. పైగా మెమరీ తక్కువ కాబట్టి సైనికులు దూరంలో కనపడరు, దగ్గరికెళ్లాక ఒక్కసారిగా పుట్టుకొస్తారు. అందుకే మంచి చేతి గేములు పెద్దదాన్ని కుదించవు, వేరేగా కడతాయి. పీఎస్‌పీలో 'సమురాయ్ వారియర్స్: స్టేట్ ఆఫ్ వార్' యుద్ధరంగాన్ని చదరంగం గడుల్లా ముక్కలు చేసింది. 2011 ఫిబ్రవరి 26న జపాన్‌లో 3డీఎస్‌తో పాటే వచ్చిన 'సమురాయ్ వారియర్స్ క్రానికల్స్' కింది టచ్ తెర మీద మ్యాప్ పెట్టి, నలుగురు యోధుల మధ్య మారనిచ్చింది. వీటాలో రెండు స్టిక్కులున్నాయి కాబట్టి ఈ బాధ తక్కువ. మురమాసకైతే టూడీ కావడంతో అసలు లేదు.

అపోహ: చరిత్రకు దగ్గరగా ఉంటేనే మంచి సమురాయ్ గేమ్.

వాస్తవం: అలాగైతే అందరి చేతిలో కటానా (సమురాయ్ కత్తి) ఉండటమే తప్పు. సెన్గోకు అనే జపాన్ అంతర్యుద్ధాల కాలంలో ముందు నడిచింది ఈటెలు, విల్లులు. 1543లో జపాన్‌లోని తనెగషిమ దీవికి తుపాకులు వచ్చాక అవి కూడా, 1575 నగషినో యుద్ధం వాటితోనే పేరుకెక్కింది. కత్తి నడుముకు ఉండే రెండో ఆయుధం. మురమాస అనే కమ్మరి నిజంగా ఉన్నాడు, ఇసే ప్రాంతంవాడు. ఆయన కత్తులు తొకుగావా వంశానికి అచ్చిరావన్నది తర్వాత పుట్టిన కథ. గేమ్ ఆ కథనే అల్లుకుంది, అల్లుకున్నానని దాచుకోలేదు. మార్కులు వేసేటప్పుడు తన కాలాన్ని నమ్మించిందా లేదా చూడండి, చాలు. ఇంకొకటి, 'డైనస్టీ వారియర్స్' జపాన్ కాదు, చైనా మూడు రాజ్యాల కథ. రెండూ కలిపి పోల్చే వీడియోలు ఇకనైనా ఆపండి.

అపోహ: జపాన్ గేమ్ కార్డు చవగ్గా దొరికితే కొనేయొచ్చు, ఏదైనా ఆడుతుంది.

వాస్తవం: పీఎస్‌పీ డిస్కులు, వీటా కార్డులు ఏ దేశానివైనా ఆడతాయి. 3డీఎస్‌కి రీజియన్ లాక్ ఉంది, జపాన్ కార్డు అమెరికా మెషీన్‌లో ఆడదు. డబ్బు పోగొట్టుకునేది ఎక్కువగా ఇక్కడే. 3డీఎస్ ఆన్‌లైన్ దుకాణం ఈషాప్‌లో కొనుగోళ్లు 2023 మార్చిలోనే ఆగిపోయాయి కాబట్టి, పొరపాటున కొన్నాక డౌన్‌లోడ్‌తో సర్దుకోవడమూ కుదరదు. వీటాలో గేమ్ ఆడినా దాని డీఎల్‌సీ (డౌన్‌లోడ్ చేసుకునే అదనపు భాగం) మాత్రం కార్డు ఏ రీజియన్‌దో ఆ రీజియన్ అకౌంట్‌లోనే కొనాలి. మురమాసకి నాలుగు అదనపు కథలున్నాయి, పిల్లి దెయ్యం ఒకటి, రైతు ఒకటి, నింజా ఒకటి, ఓని (రాక్షసుడు) ఒకటి. అవి కావాలనుకుంటే కార్డు కొనేముందే రీజియన్ చూసుకోండి. సెకండ్ హ్యాండ్ వీటా తీసుకుంటుంటే మెమరీ కార్డు ఇస్తున్నారా అని కూడా అడగండి. అది మామూలు మైక్రో ఎస్‌డీ కాదు, వీటా కోసమే చేసిన కార్డు. మొదటి మోడల్లో లోపల స్టోరేజ్ వాడుకోవడానికి లేదు, స్లిమ్ మోడల్లో ఉన్నది 1 జీబీ. కార్డు లేకుండా మొదటి మోడల్ చేతికొస్తే డీఎల్‌సీ పెట్టుకోవడానికి చోటే ఉండదు.