సరస్సులో పడ్డ అక్షరాలు, మేయరైన ఎడిటరు: అపోహలు - వాస్తవాలు

నాకు కంపోజింగ్ వచ్చు. కంప్యూటర్ మీద కాదు, సీసపు అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి, స్టిక్కు అనే చేతిపట్టీలో పేర్చే రకం. ప్రెస్సులు మూతపడ్డాక పాత పత్రికల చరిత్రలో పడ్డాను. టొరంటోలో ఉండే మనవాళ్లు అక్కడి తొలి మేయర్ విలియం లయన్ మెకెంజీ గురించి అడుగుతుంటారు. అడిగేవాటిలో సగం అపోహలే.

అపోహ: రౌడీలు ప్రెస్సు మీద పడటంతో ఆయన పత్రిక మూతపడింది.

జరిగింది తలకిందులు. 1824లో పెట్టిన 'కొలోనియల్ అడ్వొకేట్' రెండేళ్లకే అప్పుల్లో మునిగింది. 1826 జూన్ 8న దాడి జరిగేసరికి ఎడిటరుగారు అప్పులవాళ్ల బాధ పడలేక సరిహద్దు దాటి అమెరికాలో ఉన్నారు. వచ్చినవాళ్లు వీధి రౌడీలు కూడా కాదు. ఆయన తన పత్రికలో ఏకిపారేసే పాలకవర్గం ఇళ్ల కుర్రాళ్లు, అందులో లా చదివేవాళ్లు. మేజిస్ట్రేట్లు చూస్తూ నిలబడ్డారు. కుర్రాళ్లు అక్షరాలను కొన్ని నేల మీద చల్లి, కొన్ని పట్టుకెళ్లి సరస్సులో పోశారు.

ఆ నష్టమేంటో నాకు తెలుసు. ఒకసారి అక్షరాలు పేర్చిన గ్యాలీ (పళ్లెం) చెయ్యి జారి కిందపడింది. ఒత్తులు, గుణింతాలు, కామాలు అన్నీ కలిసిపోయాయి. మా ఫోర్‌మన్ ఒక్క మాట అనలేదు, అక్షరాల గళ్లపెట్టె ముందు పీట వేశాడంతే. రెండు రోజులు ఏరాను. నేల మీద పడితే ఏరుకోవచ్చు, నీళ్లలో పడితే ఏం చేస్తాం?

మెకెంజీ కోర్టుకెళ్లారు. 625 పౌండ్ల పరిహారం వచ్చింది. దాంతో పత్రిక మళ్లీ నిలబడింది. దాన్ని చివరికి వదులుకున్నది 1834 నవంబరులో, అదీ ఆయనే, మేయర్ కుర్చీలో ఉండగానే!

ఇక జనమే నేరుగా ఓట్లేసి ఆయన్ని మేయర్ని చేశారంటారు. కాదు. 1834 మార్చిలో యార్క్ ఊరు టొరంటో నగరమైంది. జనాభా సుమారు 9,000. అయిదు వార్డుల్లో గెలిచినవాళ్లు కూర్చుని తమలో ఒకరిని ఎన్నుకున్నారు. మన మున్సిపాలిటీల్లో చైర్మన్ ఎన్నిక లాంటిదే.

మంచి ఎడిటరు కాబట్టి మంచి మేయర్ కూడా అయ్యుంటారన్నది ఇంకో అపోహ. కలరా వచ్చినప్పుడు రోగుల్ని ఆసుపత్రికి చేర్చడంలో తానే దిగి, తానూ జబ్బు పడ్డారు. అది నిజం, దానికి దణ్ణం పెట్టాలి. కానీ చెక్క ఫుట్‌పాత్‌ల కోసం పన్ను పెంచితే జనానికి ఒళ్లు మండింది. మేయరే న్యాయాధికారి కూడా కావడంతో, తన మీదకు బూటు విసిరిన ఒకామెకు కాళ్లు కొయ్యలో బిగించే బొండకొయ్య శిక్ష వేశారు. అదే పని ఇంకొకరు చేసుంటే ఆయన పత్రికలో ఎన్ని కాలమ్‌లు రాసేవారో! 1835 జనవరి ఎన్నికల్లో ఓడిపోయారు.

మేయర్‌గా ఉంటూ అక్కడి బ్రిటిష్ వలస ప్రభుత్వం మీద తిరుగుబాటు చేశారన్నదీ తప్పే. అది 1837 డిసెంబరు, అప్పటికి పదవి పోయి దాదాపు మూడేళ్లు. తల మీద 1,000 పౌండ్ల వెల పడితే అమెరికా పారిపోయి, 1850లో తిరిగొచ్చారు.

బాండ్ స్ట్రీట్‌లో ఆయన చివరిరోజులు గడిపిన ఇల్లు ఇప్పుడు మ్యూజియం. అక్కడున్న ప్రెస్సును చూసి "కుర్రాళ్లు పడగొట్టింది ఇదే కదా" అని ఫొటోలు దిగుతారు. అది కాదండీ. ఆ దాడి జరిగిన ముప్ఫై ఏళ్లకు పైగా దాటాకే ఆయన ఆ ఇంట్లో అడుగుపెట్టారు.