కుంటలోంచి గేదె ఎందుకు లేవదు?

చిరంజీవులు పండుకి, బుజ్జమ్మకి తాతయ్య ఆశీస్సులు.

పోయిన వేసవిలో ఒక సాయంత్రం మన లచ్చిని కుంటలోంచి తోలుకొద్దామని వెళ్ళాం, గుర్తుందా? ఎంత అదిలించినా అది లేవలేదు. ‘ఇదెంత బద్ధకంగా ఉందో చూడు తాతయ్యా’ అన్నాడు పండు. చీకటి పడుతోందని అప్పుడు ఊరుకున్నాను గానీ ఆ మాట నా మనసులో ఉండిపోయింది. మళ్ళీ సెలవులకి వస్తున్నారని మీ అమ్మ ఫోన్ చేసింది. మీరు వచ్చేలోపు దాని తరఫున జవాబు చెప్పాలనిపించింది.

ఎండలో పరిగెత్తి వస్తే మీకు చెమట పడుతుంది. అది ఆరుతూ ఒంట్లో వేడిని తీసుకుపోతుంది. గేదెకి ఆ సౌకర్యం లేదు. ఆవుతో పోల్చినా దాని చర్మంలో చెమట గ్రంథులు బాగా తక్కువ. పైగా నల్ల చర్మం, మీద పల్చటి వెంట్రుకలు. ఎండలో నిలబెడితే నల్ల గొడుగు బట్టలాగా వేడినంతా లోపలికి లాక్కుంటుంది. ఎండలోని చెడ్డ కిరణాల నుంచి ఆ నలుపే చర్మాన్ని కాపాడుతుంది కూడా, అందుకని దాన్ని తప్పుపట్టలేం. నీళ్ళు దగ్గరుంటాయని నమ్మి తయారైన శరీరం అది. మనం ఆ నీళ్ళకి దూరంగా గుంజకి కట్టేశాం.

లోపల ఇంకో పొయ్యి ఉంది. చలికాలం పొద్దున్నే పెంటకుప్ప కదిలిస్తే ఆవిరి రావడం చూశారుగా. గేదె పొట్టలో గడ్డి పులిసేటప్పుడు కూడా అలాగే వేడి పుడుతుంది. ఎండుగడ్డి, చొప్ప అయితే మరీ ఎక్కువ. అందుకే ఎండాకాలం దానికి మధ్యాహ్నం మేత సహించదు. మేత తగ్గితే పాలు తగ్గుతాయి. తెల్లవారుజామున, మళ్ళీ రాత్రి ఎక్కువ మేత వేసి, మధ్యలో కాస్త పచ్చిగడ్డితో సరిపెట్టడం అందుకే.

కుంటలో దిగితే నీళ్ళు ఒంటి వేడిని నేరుగా లాగేస్తాయి. బయటికొచ్చాక అసలు పని బురదది. ఒంటికి పట్టిన బురద తొందరగా ఆరదు, ఆరుతున్నంతసేపూ చల్లబరుస్తూనే ఉంటుంది. ఈగల్ని కూడా కుట్టనివ్వదు. చర్మం మీద ఒక్క లీటరు నీరు ఆవిరైపోతే ఎంత వేడి పోతుందో తెలుసా? ఏడు లీటర్ల నీళ్ళని పొయ్యి మీద మరిగించేంత! చలనం లేని మనిషిని ‘దున్నపోతు మీద వాన కురిసినట్టు’ అని తిడతారు గానీ, వానలో కదలకుండా నిలబడ్డ ఆ దున్నపోతుకి అంతకుమించిన సుఖం లేదు.

ఒక్క జాగ్రత్త. పాలు పిండిన వెంటనే కుంటకి తోలకూడదు. చన్నుల రంధ్రాలు అప్పటికి ఇంకా మూసుకోవు, మురికి నీళ్ళు తగిలితే పొదుగువాపు వస్తుంది. ఓ అరగంట మేత ముందు నిలబెడితే చాలు.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. మీ నాన్న చదువుకునే రోజుల్లో, తాటాకు పాక ఏటా కప్పించలేక, దాన్ని పీకించి సిమెంటు గోడలు కట్టి ఇనప రేకులు వేయించాను. ఎత్తు తక్కువ. పొడుగు ఉత్తర దక్షిణాలుగా పెట్టడంతో పొద్దున ఒకవైపు, సాయంత్రం ఇంకోవైపు ఎండ లోపలికి వచ్చేది. నీడ ఉంది కదా అనుకున్నాను. మొదటి రోహిణీ కార్తెలోనే ఒకరోజు పొలం నుంచి వచ్చేసరికి అప్పటి మన గేదె, అంటే ఈ లచ్చికి అమ్మమ్మ, మెడ చాచి, నోరు తెరిచి, నాలుక బయటపెట్టి రొప్పుతోంది. చొంగ నేలదాకా తీగలా సాగింది. చెవి పట్టుకుంటే కాలిపోతోంది. పైకి చూస్తే రేకు కింద గాలి మసకమసకగా ఆడుతోంది.

డాక్టరు వచ్చి చూస్తే 106 డిగ్రీలు. మామూలుగా 101 ఉండాలి. నేను కంగారులో చెంబుతో నోట్లో నీళ్ళు పోయబోతే ఆయన చెయ్యి పట్టుకున్నాడు. రొప్పే పశువుకి పోస్తే నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయట. వేపచెట్టు కిందకి నడిపించి, తల మీద తడి గోనెసంచి వేసి, మీ నాయనమ్మా నేనూ పొద్దుగూకే దాకా బిందెలతో పోశాం. అది బతికింది. పూటకి ఐదు లీటర్లిచ్చేది రెండుకి పడిపోయింది, తర్వాత మళ్ళీ ఈనేదాకా పెరగలేదు. కార్తీక మాసం దాకా ఎదకి, అంటే చూలు కట్టే అదనుకి, రాలేదు. వేసవిలో గేదెలకి అరుపూ హడావుడీ లేని మూగ ఎద వస్తుంది, అదీ చాలావరకు రాత్రిపూటే, మనకి తెలియకుండానే పోతుంది.

ఆ ఏడే పాకని తూర్పు పడమరలుగా, చెయ్యెత్తినా అందనంత ఎత్తున మళ్ళీ కట్టించాను. పైకప్పుకి సున్నం, దాని మీద వరిగడ్డి. ఇప్పుడు ఫ్యాన్లు, నీటి తుంపర్లు కూడా వచ్చాయి. పొడి ఎండలు కాసే మన పల్నాడులో అవి బాగా పనిచేస్తాయి. ఉక్కపోతగా ఉండే బందరు వైపు ఫ్యాన్ లేకుండా ఊరికే నీళ్ళు చిమ్మితే లాభం లేదు, తడి ఆరదు, ఊపిరాడదు. అందుకే పశువైద్యులు వేడినీ గాలిలో తేమనీ కలిపి ఒక అంకె కడతారు. అది 72 దాటితే పాడిపశువుకి ఇబ్బంది మొదలైనట్టు. మన వేసవి మధ్యాహ్నాల్లో 80 దాటుతుంది.

మీకు ఆ లెక్క అక్కర్లేదు. గేదెకి పక్కగా కాస్త దూరంలో నిలబడి డొక్క చూడండి. లోపలికీ పైకీ ఒకసారి ఆడితే ఒక ఊపిరి. చల్లటి పూట నిమిషానికి 20 దాకా ఉంటాయి. 40 దాటితే నీళ్ళు కొట్టాలి. 60 దాటితే నాకు కేకెయ్యాలి. తొట్టి నీళ్ళలో చెయ్యి పెట్టి చూడండి, వేడిగా ఉంటే పారబోసి బోరు నీళ్ళు పట్టండి. వేడి నీళ్ళు అది తాగదు.

ఈ ఏడు కుంట ఇప్పటికే అడుగంటింది. దాని బదులు నేరేడు చెట్టు కింద చిన్న గుంట తవ్విస్తున్నాను, మీరొచ్చేసరికి నీళ్ళు నింపుతాను. గాడి పక్క మేకుకి నోటుపుస్తకం, దారానికి పెన్సిల్ కట్టి ఉంచాను. మధ్యాహ్నం రెండు గంటలకి ఊపిర్లు లెక్కపెట్టి అందులో రాయడం బుజ్జమ్మది. సాయంత్రం గుంటలోంచి లేపడం పండుది. అది లేవకపోతే కాసేపు ఆగు నాన్నా, కర్ర ఎత్తొద్దు.

ఇట్లు,
మీ తాతయ్య