సౌండ్‌బార్‌ని చంపింది పిడుగు కాదు

పోయిన మే నెలలో ఓ సాయంత్రం ఈదురుగాలికి కరెంటు పోయింది, అది మామూలే, కానీ పది నిమిషాలకి తిరిగొచ్చినప్పుడు హాల్లో పాత బల్బు కళ్ళు చెదిరేలా వెలిగింది, ఫ్యాను ఎగిరిపోతుందేమో అన్నట్టు తిరిగింది, ఇదేంట్రా అని లేచేలోపే టీవీ కింద సౌండ్‌బార్‌లోంచి టప్ మని శబ్దం, వెనకే కుళ్ళిన చేపల్లాంటి కంపు. నాన్న అయితే పిడుగే పడిందని తేల్చేశారు.

మెకానిక్ మూత విప్పి చూపించాడు. కరెంటుని నింపుకుని ఉంచే బొటనవేలంత కెపాసిటర్, పైభాగం పుట్టగొడుగులా విచ్చుకుపోయింది, ఒంటి మీద 400 వోల్టులని రాసుంది. "పిడుగు కాదు సార్, మీ లైన్లో న్యూట్రల్ ఊడుంటుంది" అన్నాడు. నిజమే, స్తంభం దగ్గర జాయింటు కాలిపోయిందని మర్నాడు లైన్‌మ్యాన్ కూడా అదే చెప్పాడు.

మన వీధి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి కరెంటు తెచ్చే మూడు ఫేజు తీగలు, అది తిరిగి వెళ్ళే ఒక న్యూట్రల్ తీగ వస్తాయి. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 వోల్టులు, ఫేజుకీ ఫేజుకీ మధ్య 400. న్యూట్రల్ తెగిందనుకోండి, వేరే ఫేజు మీదున్న ఎదురిల్లూ మన ఇల్లూ ఒకే దండలో పూసల్లా వరసలో పడతాయి, ఆ 400ని ఇద్దరూ పంచుకోవాలి. తమాషా ఏంటంటే తక్కువ వాడేవాడికే ఎక్కువ వోల్టేజ్ వస్తుంది. వాళ్ళింట్లో 2000 వాట్ల గీజరు, మనింట్లో టీవీ, సౌండ్‌బార్ కలిపి 200 వాట్లు అనుకుంటే, లెక్క ప్రకారం వాళ్ళకి సుమారు 36 వోల్టులు, మనకి 364! పొదుపుగా వాడేవాడికి పడే శిక్ష ఇది.

ఇక ఆ కెపాసిటర్ సంగతి. 230 అనేది ఒకరకం సగటు, ఏసీ అల శిఖరం నిజానికి 325 వోల్టుల దాకా వెళ్తుంది, సౌండ్‌బార్ దాన్ని డీసీగా మార్చి కెపాసిటర్‌లో నింపుతుంది కాబట్టి 400ది సరిపోతుంది. కానీ 364 వచ్చిన రోజు శిఖరం 515 దగ్గర ఉంటుంది. ఇంకేముంది, టప్. రిమోట్‌తో ఆపేశాం కదా అనుకోవద్దు, స్టాండ్‌బైలో కూడా ఆ కెపాసిటర్ నిండే ఉంటుంది.

నాకు ఒళ్ళు మండింది ఇంకొకటి. బోర్డు మీద ఫ్యూజు పక్కన చిన్న గుండ్రం గీసి దాని పేరు కూడా అచ్చేశారు, కానీ అక్కడ ఉండాల్సిన పార్టు మాత్రం లేదు, ఖాళీ! నీలం రంగు బిళ్ళలా ఉండే ఆ ముక్కని ఎమ్‌ఓవీ అంటారు. లోపల ఉండేది జింక్ ఆక్సైడ్, దురదకి రాసుకునే కాలమైన్ లోషన్లో ఉండేదే. నువ్వుండలో నువ్వుల్లాగా ఆ రేణువులు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, రెండు రేణువులు కలిసే ప్రతి అతుకూ సుమారు 3 వోల్టుల దాకా కరెంటుని ఆపుతుంది. అలాంటివి వందకి పైగా వరసలో ఉంటాయి కాబట్టి మామూలు రోజుల్లో బిళ్ళ కదలదు మెదలదు, స్పైక్, అంటే క్షణంలో ఎగిసిపడే వోల్టేజ్, రాగానే అతుకులన్నీ ఒక్కసారి తలుపులు తెరిచి దాన్ని పక్కదారి పట్టిస్తాయి. న్యూట్రల్ పోయినప్పుడైతే ఆ బిళ్ళ వేడెక్కి మాడి ఫ్యూజుని కూడా తీసుకుపోతుంది, కానీ చాలాసార్లు బోర్డు బతుకుతుంది, రిపేరు వందల్లో తేలిపోతుంది.

స్పైక్ బస్టర్లలో ఉండేదీ ఇదే బిళ్ళ. పిడుగు దగ్గర్లో పడ్డా, బోరు మోటారు ఆగినా వచ్చే స్పైక్ మైక్రోసెకన్లలో అయిపోతుంది, దానికి ఇది సరైన మందు. కానీ ప్రతి దెబ్బకీ కొంచెం అరుగుతుంది, ఎర్ర లైటు వెలుగుతోందంటే స్విచ్ ఆన్‌లో ఉందనే తప్ప బిళ్ళ బతికుందని కాదు. చవకవాటిలో అసలు బిళ్ళే ఉండదు, ఉత్త ఎక్స్‌టెన్షన్ బోర్డు. స్టెబిలైజరు కథ వేరు, అందులో రిలే అనే స్విచ్చు కదిలేసరికే స్పైక్ వచ్చి వెళ్ళిపోతుంది. ఇన్వర్టర్ ఉంది కదా అంటారు కొందరు, కరెంటు ఉన్నంతసేపూ మామూలుగా అది మెయిన్స్‌నే నేరుగా లోపలికి పంపిస్తుంది, స్పైక్ నుంచి కాపాడుతుందని నమ్మలేం.

మరో దారి చాలామంది మర్చిపోతారు, డిష్ కేబుల్. మేడ మీది గొట్టానికి బిగించిన ఆ గిన్నె నుంచి సెట్‌టాప్ బాక్స్, అక్కణ్ణుంచి హెచ్‌డీఎమ్‌ఐ తీగ మీదుగా నేరుగా టీవీలోకి, సౌండ్‌బార్‌లోకి. ప్లగ్గు పీకి కేబుల్ వదిలేస్తే వీధి తలుపు వేసి పెరటి తలుపు తీసి పెట్టినట్టే. రెండూ పీకాలి, అదీ ఉరుములు మొదలవ్వకముందే, మొదలయ్యాక ఆ తీగల్ని ముట్టుకోవడమే ప్రమాదం. పిడుగుల గురించి హెచ్చరించే దామిని యాప్ ఫోన్లో ఉంటే కాస్త ముందే తెలుస్తుంది.

మేం చివరికి మెయిన్ బోర్డులో రెండు పెట్టించాం, స్పైకుల్ని ఎర్త్‌లోకి మళ్ళించే ఎస్‌పీడీ అనే పరికరం ఒకటి, న్యూట్రల్ గొడవకి వోల్టేజ్ 270 దాటితే ఇంటికి కరెంటు కట్ చేసే ప్రొటెక్టర్. ఎర్త్ గొయ్యి చూస్తే ఎండి బీటలిచ్చి ఉంది, ఉప్పూ బొగ్గూ వేసి నీళ్ళు పోయించాం, ఎర్త్‌కి సరిగ్గా దారి లేకపోతే ఎస్‌పీడీ స్పైక్‌ని ఎక్కడికి పంపుతుంది?

నాన్నకి మాత్రం ఆ ప్రొటెక్టర్ అంటే పడదు. వోల్టేజ్ ఎగిరితే పాట మధ్యలో టక్కున కట్ చేస్తుంది, అంతా సర్దుకున్నాక కూడా మూడు నిమిషాలు ఆగి గానీ ఇవ్వదు, ఆయన బోర్డు ముందు కుర్చీ వేసుకుని ఆ అంకెలు తగ్గుతుంటే తిట్టుకుంటూ కూర్చుంటారు.